కాలవ మీద మంచం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం మా పాప ఇంటి ముందు కాలవలో పడిపోతుందని. పాములు, జ్వరాలు, కుక్కలు, లారీలు అన్నీ దాని తర్వాతే. మిగతా తల్లుల భయాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు. నా భయానికి మాత్రం వెడల్పు, లోతు ఉన్నాయి. వెడల్పు నులక మంచమంత, లోతు నా నడుం దాకా.

మాది బండల ఊరు. చుట్టూ గనుల్లో తవ్విన నాపరాళ్ళు మా ఊరి ఫ్యాక్టరీల్లో పాలిష్ పట్టుకుని దేశమంతా పోతాయి. ఎక్కడెక్కడివాళ్ళో మా ఊరి బండల మీద కాళ్ళు చాపుకుని టీవీ చూస్తుంటారు. ఆ పాలిష్ పట్టిన నీళ్ళు మాత్రం మాకే మిగులుతాయి. బూడిదరంగు దోసెపిండిలా మా సున్నపుబట్టీ వీధి కాలవలోంచి మెల్లగా సాగుతాయి. ఎండకి పైన పొర కట్టి, ఆరి, సిమెంటు చేసిన వాకిలిలా కనిపిస్తుంది. దాని మీద కోడి నడిస్తే ఆగుతుంది. పిల్ల నడిస్తే ఆగదు.

అందుకే మా వీధిలో ప్రతి ఇంటి ముందూ కాలవ మీద ఒక బండ ఉండేది. మా ఇంటి ముందున్న బండ మీదికి నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ ఎక్కింది. బండ ముక్కలై లోపల పడింది. డ్రైవరు దిగి చూసి, టైరుకి ఏం కాలేదని సంతోషపడి వెళ్ళిపోయాడు. ఆ వారమే మా మేఘన నడక నేర్చుకుంది. నడక వచ్చిన పిల్ల ఇంట్లోకి నడవదు కదా.

మా ఆయన మద్దిలేటి పాలిష్ ఫ్యాక్టరీలో మిషను మీద పని చేస్తాడు. మూల విరిగిన బండలు అక్కడ గోడకి ఆనించి ఉంటాయి, అడిగితే యజమాని తీసుకుపొమ్మంటాడు. ఆదివారం ఒకటి తెస్తానన్నాడు. అందాకా పాత చీరతో పాపని మంచంకోడుకి కట్టేసి వంట చేసుకున్నాను. ఆదివారం దాకా నోరు మూసుకుని ఉంటే ఇందులో కథేం లేదు. శుక్రవారం హిమజ మేడం వచ్చింది.

మా ఊళ్ళో కొత్తగా తెరిచిన సమగ్ర సమాజసేవా సాధికార కేంద్రంలో ఆమె ఉద్యోగం. ఆ పేరు నోరు తిరగక మేం సేవాఫీసు అనేవాళ్ళం. సమాజసేవ మీద పెద్ద చదువే చదివిందట. మంచి పిల్ల, నవ్వుముఖం. గడప గడపకీ వచ్చి మీ సమస్య ఏమిటని అడుగుతోంది. చాలామంది ఏం లేవన్నారు. మా పక్కింట్లో ఓబులమ్మవ్వ ఒక్కతే ఉంటుంది, చింతపండు గింజలు తీసిపెట్టే పని చేస్తుంది. ఆమెని అడిగితే, సమస్యలు అడగను వచ్చే వాళ్ళందరికీ మంచినీళ్ళు ఇవ్వాల్సి రావడమే తన సమస్య అని చెప్పి, ఒక చెంబు నీళ్ళిచ్చి పంపేసింది.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. చదువుకున్నవాళ్ళు ప్రశ్న అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పే అలవాటు ఇంకా పోలేదు. మా కాలవ మీద బండ లేదని చెప్పాను. హిమజ మేడం ముఖం వెలిగిపోయింది. ఊరంతా తిరిగితే ఆమెకు దొరికిన మొదటి సమస్య అది.

ఆదివారం మద్దిలేటి బండ తెచ్చాడు. ఒక మూల అరచెయ్యంత విరిగింది తప్ప మంచి బండ. తోటి పనివాళ్ళతో కలిసి కాలవ మీద దించాడు. మేఘన దాని మీద అటూ ఇటూ నడిచింది. నేను ఆ పూట ముద్ద నోట్లో పెట్టుకుని, అది గొంతు దిగేదాకా కదలకుండా కూర్చుని తిన్నాను.

సోమవారం పొద్దున్నే హిమజ మేడం వచ్చి బండని చూసి, ఇంట్లో ఎవరో పోయినట్టు నిలబడిపోయింది. ఫోను చేసింది. కాసేపటికి సేవాఫీసు డైరెక్టరు విశ్వంభరం గారే స్వయంగా జీపులో దిగారు. తెల్ల జుబ్బా, మెత్తని గొంతు. ఆయన ఎవరినీ కసురుకోగా నేను చూడలేదు. కసిరి ఉంటే బాగుండేది, మా ఆయనా తిరిగి కసిరేవాడు.

"అమ్మా, బండ వేసుకోవడం తప్పని మేం అనం. తప్పొప్పులు తీర్మానించడం మా వృత్తిలో లేదు" అన్నారు. "కానీ శుక్రవారం నమోదైన సమస్య ఆదివారానికల్లా మాయమైతే, మధ్యలో ప్రక్రియ ఎక్కడ జరిగినట్టు?"

"బండ లేకపాయ, ఏసినాం సార్. అయిపాయ గదా" అన్నాడు మద్దిలేటి.

"అదే నా ఆవేదన. అయిపోయింది. మీ అంతట మీరు ఎదగాల్సిన అవకాశాన్ని ఆ బండ మింగేసింది."

మద్దిలేటి బండ వైపు చూశాడు. అది ఏమీ మింగినట్టు కనిపించలేదు.

తర్వాత ఆయన చాలాసేపు వివరించారు. నాకర్థమైనంతవరకు చెబుతాను. సమస్యని తీసేయడం సమాజసేవ కాదు, అది తాపీపని. సమాజసేవ అంటే సమస్యతో మనిషికున్న సంబంధాన్ని బాగుచేయడం. సంబంధం బాగుపడాలంటే ముందు సమస్య ఉండాలి. కాబట్టి తాత్కాలికంగా, మొదటి పరిస్థితి ఎలా ఉందో ఫొటో తీసేంతవరకు మాత్రం, బండ తీసేయాలి.

మేం ఒప్పుకోమన్నాం. హిమజ మేడం నన్ను పక్కకి పిలిచి, సహకరించని కుటుంబం అని రాస్తే ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో తన చేతుల్లో ఉండదని దిగులుగా చెప్పింది. అంగన్‌వాడీలో పాపకొచ్చే గుడ్లూ పాలపొడీ గుర్తొచ్చి నేనే మద్దిలేటి చెయ్యి పట్టుకుని ఆపాను. బండని ట్రాక్టరులో ఎత్తి భద్రత కోసం సేవాఫీసుకి తీసుకెళ్ళారు. ఫొటో తీశారు. ఫొటోలో కాలవ చాలా బాగా వచ్చింది.

ట్రాక్టరు సందు మలుపు తిరిగిందో లేదో, ఓబులమ్మవ్వ తన నులక మంచం ఈడ్చుకుంటూ వచ్చింది. ఒక పక్క మంచంకోళ్ళు మా వాకిట్లో, ఇంకో పక్కవి రోడ్డు మీద. నడుమ కాలవ. దాని మీద చింతపండు చాట పెట్టుకుని కూర్చుంది.

"వాళ్ళు బండ తెచ్చేదాకా నేనే బండ. నువ్వు పోయి సంగటి కెలుక్కో, పో మే" అంది.

పాప మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా అవ్వ కాలు అడ్డం పెట్టేది. అవ్వ మధ్యాహ్నం తినడానికి లేస్తే నేను కూర్చునేదాన్ని. అప్పటిదాకా ఆమె నాకు పక్కింటి అవ్వ. మేఘన పుట్టినప్పుడు మొదటి స్నానం చేయించింది ఆమే, కానీ చుట్టరికం అంటూ లేదు. మంచం వేసిన రోజు నుంచి పాప ఆమెని ఒక్కదాన్నే నాకంటే ముందు పిలిచేది.

సేవ మొదలైంది. లబ్ధిదారు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే పని ప్రారంభించాలని వాళ్ళ సూత్రమట. నేను కాలవ ఒడ్డున ఉంటాను కాబట్టి కాలవ ఒడ్డునే కుర్చీలు వేశారు. హిమజ మేడం నన్ను ప్రశ్నలు అడిగింది. చిన్నప్పుడు ఎప్పుడైనా లోతైన చోట పడ్డానా అని. పడలేదన్నాను. పడనందువల్ల మనసులో ఏదైనా వెలితి ఉండిపోయిందా అని. ఆలోచించి చెప్తానన్నాను. కాలవని ఏ దృష్టితో చూస్తారు అని అడిగితే, పాప ఎక్కడుందో చూస్తూ చూస్తానన్నాను. అన్నీ ఓపిగ్గా రాసుకుంది.

తర్వాత పాప అభిప్రాయం తీసుకోవాల్సి వచ్చింది. ఎంత చిన్నవాళ్ళయినా సరే, తమ విషయంలో తామే నిర్ణయం తీసుకునే హక్కు వాళ్ళకుంటుందట. హిమజ మేడం గొంతుకూర్చుని, నీకు కాలవంటే ఇష్టమా అని ముద్దుగా అడిగింది. మేఘన చప్పట్లు కొట్టి, కాలవ వైపు వేలు చూపించి "లాల" అంది. మా ఇంట్లో స్నానాన్ని అలాగే అంటుంది. ఇంట్లో ఒకరు కాలవ పట్ల సానుకూలంగా ఉన్నారని, తల్లి మాత్రం ఇంకా వ్యతిరేకంగానే ఉందని రాశారు. ఆ సంగతి నాతో చెప్పి, ఇంటి సభ్యుల మధ్య అభిప్రాయభేదాలు సహజమే, కంగారుపడొద్దని ధైర్యం చెప్పారు.

నేను విశ్వంభరం గారిని ఒకటే అడిగాను. బండ మీరివ్వకపోతే పోనీ, మునిసిపాలిటీ వాళ్ళకి ఒక ముక్క రాయండి సార్, కాలవ వాళ్ళదే కదా అని. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. అయితే లబ్ధిదారు చెప్పిన విషయం మూడో మనిషికి తెలియకూడదన్నది సమాజసేవకి ప్రాణమన్నారు. అందుకని ఉత్తరం ఇలా వెళ్ళింది: మన పట్టణంలోని ఒకానొక వీధిలో, ఒకానొక ఇంటి ముందు, ఒకానొక వస్తువు లేకపోవడం వల్ల ఒకానొక బిడ్డకి ప్రమాదం పొంచి ఉంది, తక్షణమే తగిన చర్య తీసుకోగలరు.

పాపం, మునిసిపాలిటీ మేస్త్రీ మంచివాడు. ట్రాక్టరులో కొత్త బండ వేసుకుని వీధి వీధి తిరుగుతూ మా వీధికీ వచ్చాడు. మంచం కిందికి వంగి చూసి, "ఇదేనామ్మా ఆ ఇల్లు?" అన్నాడు. ఇదే సార్ అన్నాను. హిమజ మేడం పరుగెత్తుకొచ్చింది. లబ్ధిదారుని ఒత్తిడి చేసి చెప్పించడం చెల్లదని, ఇదేనని తాము అనలేమని, కాదని కూడా అనలేమని చెప్పింది. మేస్త్రీ తల గోక్కుని, సాయంత్రం లోపల బండ ఎక్కడో ఒకచోట దించకపోతే తనకి ఇంకో ఉత్తరం వస్తుందని చెప్పి, వీధి చివర ఇంటి ముందు బాగున్న బండ మీదే ఈ బండ కూడా వేసి పోయాడు. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు వీధిలోకి రావాలంటే మెట్టెక్కి దిగుతారు.

వ్యక్తి సేవ అయ్యాక బృంద సేవ. వీధిలో తల్లులందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, కాలవ గురించి మనసు విప్పి మాట్లాడమన్నారు. నేను మాట్లాడాను. మిగతావాళ్ళు పాపం అన్నారు. విశ్వంభరం గారి నుదురు ముడిపడింది. మీరు జాలి పడుతున్నారు, పాలుపంచుకోవడం లేదు అన్నారు. ఒకరికి బండ లేదు, తక్కిన అందరికీ ఉంది. ఇలాంటి అసమానతల నడుమ బృందం ఎలా ఏర్పడుతుంది? నాకు బండ ఇస్తే సమానమైపోతుందని ఎవరో అన్నారు. అది సులువైన దారి అని ఆయన మెల్లగా తోసిపుచ్చారు.

కాబట్టి అందరి బండలూ తీసేశారు.

బలవంతమేమీ లేదు. స్వచ్ఛందంగా బండ ఇచ్చినవాళ్ళకి స్టీలు టిఫిన్ క్యారియరు అన్నారు. ఎదురింటి కుళ్ళాయమ్మ మొదట ఇచ్చింది. ఆమె క్యారియరు తళతళలాడుతుంటే చూసి పక్కవాళ్ళు ఇచ్చారు. రెండు బండలున్న చివరింటివాళ్ళు రెండు క్యారియర్లు అడిగారు, ఒక్కటే ఇచ్చారు. వారం తిరిగేసరికి వీధి పొడుగునా కాలవ నిగనిగలాడుతూ కనిపించింది. ప్రతి ఇంట్లో ఒక పిల్లో పిల్లవాడో మంచంకోడుకి కట్టి ఉన్నారు. అందరూ ఒకేసారి ఏడుస్తుంటే, పిల్లల్లో సంఘీభావం బలపడుతోందని హిమజ మేడం రాసింది. రాస్తున్నప్పుడు ఆమె ముఖంలో మునుపటి వెలుగు లేదు.

"క్యారియరు ఏమి జేసుకుంటావే, కుళ్ళాయీ? నీ మనవడు కాలవలో పడితే కూడు అందులో దించుతావా?" అంది అవ్వ మంచం మీంచి.

"నీకేం, నీకు మంచముంది" అని కుళ్ళాయమ్మ ఎదురు చెప్పింది గానీ, ఆ సాయంత్రం మనవణ్ణి తెచ్చి అవ్వ పక్కనే కూర్చోబెట్టింది. తర్వాత ఇంకొకరు. అవ్వ చాట ఒళ్ళోకి జరుపుకుని, కాళ్ళు రెండూ రెండు వైపులా అడ్డం పెట్టుకుని, వీధి పిల్లలందరినీ కాపలా కాసింది. ఒక రోజు విశ్వంభరం గారు అది చూసి జీపు ఆపి, ఇది సహజ సహాయక వ్యవస్థ అన్నారు. వ్యవస్థ ఉన్నాక ఇక బండ అవసరం లేదని కూడా అన్నారు. అవ్వకి ఒక గుర్తింపు కార్డు ఇచ్చారు. అవ్వ దాంతో చింతగింజలు దూసుకునేది.

మా వీధి పేరు పాకింది. ఎక్కడెక్కడి నుంచో సమాజసేవ చదువుకునేవాళ్ళు బస్సుల్లో వచ్చి కాలవ చూసి వెళ్ళేవాళ్ళు. ఇంత స్పష్టంగా కనిపించే సమస్య వాళ్ళకి పుస్తకాల్లో కూడా దొరకలేదట. రాజధాని నుంచి పెద్దాయన ఒకరు వస్తున్నారని, మా వీధిని ఆదర్శ సమస్యగా ప్రకటిస్తారని తెలిసింది.

అంతకు ముందు రోజు మద్దిలేటి పని నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని ముట్టుకోలేదు. ఏమైందని అడిగాను.

"సేవాఫీసు వాళ్ళు ఫ్యాక్టరీకి ఒక బండ పంపినారు. శిలాఫలకానికి. అద్దం మాదిరి పాలిష్ గావాలంట" అన్నాడు. "మూల ఇరిగిండాది."

నేను చేతిలో గరిటె కింద పెట్టాను.

"మన బండే, మే. నేనే పాలిష్ పట్టినా. బాగొచ్చింది. నా మొగం కనపడింది దాంట్లో."

మర్నాడు వీధిలో షామియానా వేశారు. విరిగిన మూలకి బంతిపూలు కట్టి బండని నిలబెట్టారు. బండలు లేని తల్లుల సాధికారతకి అంకితం అని దాని మీద చెక్కారు, కింద పెద్దాయన పేరు, విశ్వంభరం గారి పేరు, ఇంకా ఎవరెవరివో పేర్లు ఉన్నాయి. ఫొటోలో కాలవ కనబడాలి, మంచం అడ్డమొస్తోందని అవ్వని లేవమన్నారు. అవ్వ లేవనంది. నాలుగు ఫొటోలు తీసుకుని మళ్ళీ వేసుకోవచ్చని హిమజ మేడం బతిమాలింది. అవ్వ లేచి, మంచం ఎత్తి గోడకి ఆనించి, దాని పక్కనే నిలబడింది.

నన్ను వేదిక ఎక్కించారు. పాపని కుళ్ళాయమ్మకి ఇచ్చాను. నా అనుభవం చెప్పమన్నారు. చేతికి మైకు ఇచ్చారు. పెద్దాయన పేరు చెప్పగానే జనం చప్పట్లు కొట్టారు, కుళ్ళాయమ్మ కూడా కొట్టింది. కొట్టడానికి పాపని కింద దింపింది.

పాప నేరుగా మా ఇంటి వైపు నడిచింది. ఆ రోజు ఎండ బాగా కాసింది. పొర బాగా ఆరి, నున్నగా, తెల్లగా, ఊరంతటిలోకీ చక్కని నేలలా ఉంది.

నాకు గొంతు రాలేదు. విశ్వంభరం గారు నా భుజం దగ్గరికి వంగి, "మాట్లాడండమ్మా. ఇది మీ గొంతు. మేం ఇచ్చింది కాదు, మీలో ఉన్నదే" అన్నారు. నేను మైకులో పాప పేరు పెట్టి అరిచాను. ఇంకోసారి అరిచాను. నా అనుభవం చెబుతున్నాననుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

అవ్వ వినిందో, ముందే చూసిందో నాకు తెలియదు. గోడ దగ్గర నుంచి అంత వయసు మనిషి అలా ఎలా దూకిందో కూడా తెలియదు. పాప గౌను వెనక నుంచి పట్టి రోడ్డు మీదికి విసిరినట్టు లాగింది. ఆ ఊపుకి ఆమె ఒక కాలు పొరని చీల్చుకుని తొడ దాకా దిగిపోయింది. అడుగున మా పాత బండ ముక్కలు ఉన్నాయి. ట్యాంకరు విరగ్గొట్టినవి, కత్తుల్లా నిలబడి.

అందరికంటే ముందు దిగింది హిమజ మేడం. కొత్త చీరతో కాలవలో నడుం దాకా దిగి, అవ్వని చంకల కింద పట్టి ఎత్తింది. ఇద్దరూ బూడిదరంగు బొమ్మల్లా బయటికొచ్చారు. అవ్వ పిక్క మీద ఆ రంగు నిలబడలేదు, ఎర్రగా కారిపోయింది.

విశ్వంభరం గారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఆయన నిజంగానే కదిలిపోయారు. "చూశారా? బయటి జోక్యం అణువంత లేకుండా సమాజం తనంతట తానే స్పందించింది. మన సిద్ధాంతం ఈ రోజు కళ్ళ ముందు రుజువైంది" అన్నారు. పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాలవలోకి దిగినందుకు హిమజ మేడం మీద విచారణ వేశారని తర్వాత తెలిసింది. లబ్ధిదారుకీ సేవకురాలికీ మధ్య ఉండాల్సిన దూరం ఆమె పాటించలేదట. ఇప్పుడు ఆమె ఆఫీసులోనే కూర్చుని ఫొటోలకి కింద వాక్యాలు రాస్తోంది.

ఆసుపత్రిలో అవ్వకి కుట్లు వేస్తుంటే నేను చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆమె పళ్ళు బిగించుకుని నా వైపు చూసి, "పాప ఉండాది గదా. ఇంగేం. మొగం తుడుసుకో" అంది.

అక్కడి నుంచి నేరుగా సేవాఫీసుకి వెళ్ళాను. లోపల కొత్త సమావేశ మందిరం కట్టారు. నేలకి బండలు పరిచారు. కుళ్ళాయమ్మ వాళ్ళ బండ గుర్తుపట్టాను, దాని మీద ఆమె ముగ్గుగీత ఇంకా చెరిగిపోలేదు. ఆ వీధి బండల మీద చెప్పులు విడిచి నిలబడి, సార్, నా బండ నాకిచ్చేయండి అన్నాను.

విశ్వంభరం గారు నన్ను కూర్చోబెట్టి నీళ్ళు తెప్పించారు. "బండ అనేది ఒక వస్తువు. దాని వెనకున్న మీ అసలైన అవసరం ఏమిటో మీ నోటితో చెప్పండి" అన్నారు.

"మా పాప కాలవలో పడకూడదు సార్."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. "ఇన్నాళ్ళకి చెప్పారు. ఈ మాట కోసమే ఇంత ప్రయాణం."

మూడో రోజు మా సామాను ట్రాక్టరులో వేసి ఊరవతల కొత్త కాలనీకి తెచ్చారు. మనిషిని సమస్య నుంచి వేరు చేయడం అనే పద్ధతి ఒకటుందట, చివరి దశలో వాడతారట. ఇక్కడ ఇల్లు బాగుంది. కాలవలు లేవు. ఇంకా తవ్వలేదు. మేఘన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కట్టు లేకుండా తిరుగుతోంది. మా కేసు విజయవంతంగా ముగిసిందని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఒక్కటే షరతు. పాత చోటుకి మళ్ళీ వెళ్ళకూడదు. వెళ్తే ఇంకా ఆధారపడి ఉన్నట్టు లెక్క. కేసు తిరిగి తెరుస్తారు, తెరిస్తే మమ్మల్ని మొదటి పరిస్థితికి చేర్చాలి. అంటే ఆ ఇంటికి, ఆ కాలవకి. వీధి మొదట్లో వాళ్ళ మనిషి ఒకడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, నన్నూ మద్దిలేటినీ ముఖాలతో సహా గుర్తుపడతాడు. మద్దిలేటి ఒకసారి టవలు ముఖానికి చుట్టుకుని వెళ్ళాడు. నడక చూసి పట్టుకున్నారు. ఈసారికి వదిలేస్తున్నామన్నారు.

బయల్దేరే ముందు అవ్వకి చెప్పాను, ఇక మంచం తీసేయి, ఇంట్లో కాలు చాపుకుని పడుకో అని. సరే అంది. కానీ మేం ఖాళీ చేసిన వారానికే ఆ ఇంట్లోకి కొత్త జంట దిగారట. గనుల పనికి ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళు. వాళ్ళకి దోగాడే పిల్లవాడు. ఆ తల్లి మొదటి రోజే పొర మీద చాప ఆరేయబోయిందట, నేలనుకుని. అవ్వ చూసి, ఏమీ అనకుండా మంచం ఈడ్చుకొచ్చి మళ్ళీ వేసిందట.

ఇదంతా కుళ్ళాయమ్మ ఫోనులో చెప్పింది. అవ్వ కాలు వాచిందని, కట్టు మార్చుకోవడానికి ఆసుపత్రికి పొమ్మంటే, నేను పోతే ఇక్కడెవరు కూర్చుంటారని అడిగిందని చెప్పింది. ఆ తల్లి గనికి పోతుంది కదా, ఎవరు కూర్చుంటారు. కుళ్ళాయమ్మ సేవాఫీసుకి వెళ్ళి అడిగితే, ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అన్నది ఓబులమ్మ గారి సొంత నిర్ణయమని, దాన్ని తాము మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నామని అన్నారట. కొద్ది రోజులుగా కుళ్ళాయమ్మ ఫోను ఎత్తడం లేదు.

అందుకే మీకు చెబుతున్నాను. మీరు లబ్ధిదారులు కారు, మిమ్మల్ని ఎవరూ ఆపరు. బండల లోడుకో, పెళ్ళికో, ఏ పని మీదో మా ఊరు వస్తే సున్నపుబట్టీ వీధి అని అడగండి. మొదట్లో కుర్చీలో మనిషి మీ సమస్య ఏమిటని నవ్వుతూ అడుగుతాడు. ఏమీ లేదని చెప్పండి. ఎంత బాగా అడిగినా సరే, ఏమీ లేదనే చెప్పండి. వీధి సగం దాటాక ఎడమ చేతి వైపు, కాలవ మీద అడ్డంగా నులక మంచం ఉంటుంది. దాని మీద చింతపండు చాటతో ఒక అవ్వ ఉండాలి. కాసేపు మీరు ఆ మంచం మీద కూర్చుని, ఆమెని ఆటోలో ఆసుపత్రికి పంపండి. మేఘన బాగుంది, ఇప్పుడు పరుగెడుతోంది అని చెప్పండి.

మంచం మీద ఎవరూ లేకపోతే మాత్రం, ఇంట్లో ఉందేమో అని ముందు తలుపు దగ్గరికి వెళ్ళకండి. పొర ఎండి గట్టిగా, ఎవరూ తొక్కనట్టే కనిపిస్తుంది. దాన్ని నమ్మకుండా, ముందు కాలవలో చూడండి.